ప్రార్థనతోపాటు వంద పౌన్ల పుస్తకాలు!

దేవుడి మాట చెప్పడానికి పాస్టరు కావాలి. పాట పాడటానికి గాయకుడు కావాలి. మరి ఆ మాటా, ఆ పాటా కొండలు దాటి, సముద్రాలు దాటి వెళ్లాలంటే? యాంటెన్నా సరిచేసే ఇంజినీరు కావాలి. మైకు ముందుకు రాని, తెరమీద కనిపించని అలాంటి కొందరి కథ ఇది.

చీకటి పడితే చాలు, ఆ యాంటెన్నా కడ్డీల కొసలు మండేవి. చర్రుచర్రుమంటూ చప్పుడు. కాసేపటికి అల్యూమినియం కరిగి ముద్దలుముద్దలుగా నేలమీద పడేది. పొద్దున్నే ఇంజినీర్లు వచ్చి కాలిన కడ్డీలు చూసుకుని తల పట్టుకునేవారు.

దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశ రాజధాని క్విటోలో 1940ల మొదట్లో జరిగిందిది. ఆ యాంటెన్నా హెచ్‌సీజేబీ అనే క్రైస్తవ రేడియో స్టేషనుది. పది కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, ప్రపంచానికి వాక్యం వినిపిద్దామని ఉత్సాహంగా స్విచ్చి వేస్తే వాళ్ల యాంటెన్నాయే తగలబడిపోతోంది!

తప్పు ఎవరిదీ కాదు. ఊరిది. క్విటో సముద్రమట్టానికి సుమారు 2,850 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మన ఊటీకన్నా ఎత్తు. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుంది. పలచని గాలి విద్యుత్తును గట్టిగా అడ్డుకోలేదు. మామూలు యాంటెన్నా కడ్డీలో వోల్టేజీ ఎక్కువగా ఉండేది కొసల్లోనే. అక్కణ్నుంచి విద్యుత్తు గాల్లోకి ఎగదన్నుకుని మంటలా వెలిగేది. కొసలకు రాగి గోళాలు బిగించి చూశారు. పెద్దగా లాభం లేకపోయింది.

ఆ బాధ్యత క్లారెన్స్ మూర్ అనే ఇంజినీరుమీద పడింది. అతను అమెరికానుంచి వచ్చిన మిషనరీ. హామ్ రేడియో అంటే ప్రాణం. దేవుడి పనికోసం వచ్చాడు కాబట్టి దేవుడే చూసుకుంటాడని ఊరుకున్నాడా? అక్కడే ఉంది అసలు సంగతి.

వెదురింట్లో చదువు

1942లో మూర్ కుటుంబంతో కలిసి పొసోర్హా అనే సముద్రతీర గ్రామానికి సెలవులకు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ దాదాపు వంద పౌన్ల ఇంజినీరింగ్ పుస్తకాలు మోసుకెళ్లాడు. అంటే 45 కిలోలు! దేవుడి సాయంతో ఈ చిక్కుముడి విప్పితీరాలన్నది పట్టుదల. అక్కడో వెదురిల్లు. నేలమీద పుస్తకాలన్నీ పరిచి, ప్రార్థన చేసుకుంటూ, లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు. ఈ సంగతులన్నీ తర్వాత అతనే చెప్పాడు.

ఆ మథనంలోనే ఓ ఆలోచన తట్టింది. కొసల దగ్గరే కదా మంట. అసలు కొసలే లేకపోతే?

కడ్డీలు తీసేసి, తీగను నలుచదరంగా చుట్టి రెండు చివరలూ కలిపేస్తే అది ఉచ్చులా మూసుకుపోతుంది. వోల్టేజీ ఎక్కువుండే చోటు అప్పుడు కూడా ఉంటుంది. కానీ అది తీగ మధ్యలో పడుతుంది. విద్యుత్తు గాల్లోకి దూకడానికి మొనదేలిన కొస ఉండదు. 25 మీటర్ల తరంగానికి ఒక్కో భుజం ఆరు మీటర్ల పైచిలుకు. ఇలాంటి చదరాన్ని మరోదానికి ఎదురుగా నిలబెడితే సిగ్నల్ ఒకే దిక్కుకు గట్టిగా వెళ్తుంది. దూరంనుంచి చూస్తే పెట్టె చట్రంలా ఉంటుంది కాబట్టి దానికి ‘క్యూబికల్ క్వాడ్’ అని పేరొచ్చింది.

క్విటోకు తిరిగొచ్చి అమర్చి స్విచ్చి వేశారు. మంటల్లేవు, చప్పుళ్లు లేవు. ఆ యాంటెన్నాకు 1951లో అమెరికాలో పేటెంటు కూడా వచ్చింది. ఇప్పటికీ ప్రపంచవ్యాప్తంగా హామ్ రేడియో వాళ్లకు అది తెలియంది కాదు. హామ్ రేడియో కోసం 1983లో హైదరాబాద్‌లో జాతీయ సంస్థే ఏర్పడింది. అలాంటి చోట యాంటెన్నాల గురించి నాలుగు మాటలు నడిస్తే అందులో క్వాడ్ పేరు రాకుండా పోదు. అది ఓ మిషనరీ ప్రార్థన చేసుకుంటూ కనిపెట్టిందని తెలిసినవాళ్లు మాత్రం తక్కువే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మూర్ పుస్తకాలు పక్కన పడేసి ప్రార్థన చేయలేదు. ప్రార్థన మానేసి పుస్తకాలూ పట్టుకోలేదు. రెండూ ఒకే గదిలో, ఒకే నేలమీద జరిగాయి.

వద్దన్న చోటే...

ఇంతకీ అంత ఎత్తైన ఊళ్లో రేడియో స్టేషను ఎందుకు పెట్టినట్టు?

అది క్లారెన్స్ జోన్స్ అనే మరో మనిషి మొండితనం. సాల్వేషన్ ఆర్మీ కుటుంబంలో పుట్టాడు. ట్రాంబోన్ బాగా వాయించేవాడు. షికాగోలో క్రైస్తవ రేడియో కార్యక్రమాల్లో పనిచేశాడు. ఇదే పని దక్షిణ అమెరికాలో ఎందుకు చేయకూడదన్న ఆలోచన వచ్చింది. ఈక్వెడార్లో అప్పటికే మిషనరీగా ఉన్న రూబెన్ లార్సన్ తోడయ్యాడు. 1930లో ప్రభుత్వం అనుమతిచ్చింది. చుట్టూ కొండలు, పక్కనే భూమధ్యరేఖ... ప్రసారాలకు పనికిరాని చోటని తెలిసినవాళ్లు వద్దన్నారు. అయినా 1931 క్రిస్మస్ రోజున హెచ్‌సీజేబీ గొంతు విప్పింది. అప్పటికి దేశం మొత్తంలో రేడియో సెట్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు!

తమాషా ఏంటంటే, వద్దన్న చోటే తర్వాత కలిసొచ్చింది. భూమధ్యరేఖ దగ్గర ఉండటంవల్ల ఉత్తరానికీ దక్షిణానికీ షార్ట్‌వేవ్ ప్రసారాలు పంపడం తేలికైంది. అలాగని అన్నీ వాటంతటవే కుదిరిపోలేదు. కరెంటు చాలకపోతే వీళ్లే ఆండీస్ కొండల్లోని పపయాక్తా దగ్గర జలవిద్యుత్కేంద్రం కట్టుకున్నారు. 1965లో అది మొదలైంది. 1981కల్లా ఏకంగా 500 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ను సొంత ఇంజినీర్లే తయారు చేసుకున్నారు. మూర్ కాలంనాటి పది కిలోవాట్లతో పోలిస్తే 50 రెట్లు! సువార్త స్టేషను నడపడానికి వచ్చినవాళ్లు ఆనకట్టలు, టర్బైన్లు, వాల్వుల లెక్కల్లో నిండా మునిగిపోయారు. ఆదివారం ప్రసంగం ఎంత ముఖ్యమో, సోమవారం టర్బైను ఆగకపోవడమూ అంతే ముఖ్యం మరి.

కొండల్లోకి బొమ్మల పెట్టె

1959 సంవత్సరం మనకూ గుర్తుండాల్సిందే. ఆ ఏడాది సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. సరిగ్గా అదే ఏడాది క్విటో జనం కూడా తొలిసారి టీవీ చూశారు. చూపించింది ఎవరో కాదు, హెచ్‌సీజేబీ.

దాని వెనకున్న మనిషి గిఫర్డ్ హార్ట్‌వెల్. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీ పక్కన పడేసిన పాత టీవీ పరికరాలు అతని కంటపడ్డాయి. వేరేవాళ్లకు అది తుక్కు. అతనికి మాత్రం ఓ స్టేషను కనిపించింది. వాటిని సంపాదించి, ఓపిగ్గా బాగుచేసి, పనిచేసే స్థితికి తెచ్చాడు. వాటితోపాటు తనూ, భార్య వర్జీనియా క్విటో చేరుకున్నారు. ప్రదర్శనలో పెట్టిన ఆ పెట్టెలో మనుషులు కదులుతుంటే జనం విరగబడి చూశారు.

రేడియో వచ్చినవాడికి టీవీ ఎంతసేపు అనుకుంటే పొరపాటే. షార్ట్‌వేవ్ తరంగం ఆకాశంలోకి వెళ్లి, పైపొరను తాకి, వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. టీవీ తరంగం అలా కాదు. దాదాపు కంటిచూపులాగే నేరుగా వెళ్తుంది. కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. క్విటో చూస్తే పిచించా అగ్నిపర్వతం ఒడిలో సన్నగా పొడవుగా పరుచుకున్న ఊరు. పైగా ఒక షార్ట్‌వేవ్ స్టేషనుకు పది కిలోహెర్ట్జ్ వెడల్పు దారి సరిపోతే, అక్కడ టీవీ చానల్‌కు ఆరు మెగాహెర్ట్జ్ కావాలి. అంటే 600 రెట్లు. కాలిబాట మీద నడిచినవాణ్ని ఒక్కసారిగా పెద్ద రహదారి వేయమన్నట్టు!

అయినా వేశారు. 1960ల మొదట్లో నాలుగో నంబరు చానల్‌గా హెచ్‌సీజేబీ టీవీ స్థిరపడింది. ‘ఆండీస్ కిటికీ’ అని ముద్దుపేరు. కెమెరా వెనకా, లైట్ల దగ్గరా, కంట్రోల్ రూములో మీటరు ముందూ ఉన్నవాళ్లలో చాలామంది మిషనరీలే. వాళ్లకు కంపెనీ జీతాలుండవు. సొంత ఊళ్లలోని చర్చిల వాళ్లు, తెలిసినవాళ్లు పంపే చందాలే ఆధారం. పెద్ద కంపెనీల్లో దర్జాగా బతకగలిగిన చదువు వాళ్లది. దాన్ని తెచ్చి ఇక్కడ ఖర్చుపెట్టారు.

చేతిలోది వదిలేయడం

ఇక్కడే కథ మలుపు తిరిగింది. రేడియో ఒకసారి నిలబడితే నెట్టుకురావచ్చు. టీవీ అలా కాదు. రోజూ కొత్త కార్యక్రమాలు కావాలి, కొత్త కెమెరాలు కావాలి. తుక్కులోంచి తెచ్చిన పరికరాలతో ఎన్నాళ్లు? 1970ల మొదట్లో హెచ్‌సీజేబీ ఆ చానల్‌ను అమ్మేసింది. ఓ వ్యాపారవేత్త కొన్నాడు. 1974లో అది టెలీఅమజోనాస్ పేరుతో రంగుల ప్రసారాలు మొదలుపెట్టింది. ఇవాళ ఆ దేశంలో పేరున్న చానళ్లలో అదొకటి. దాన్ని చూసేవాళ్లలో ఎంతమందికి తెలుసో, దాని పునాదిలో ఓ భక్తుడు బాగుచేసిన పాత పరికరాలున్నాయని!

ఓడిపోయారనాలా? ఒకరకంగా అవును. చేతులారా నిలబెట్టిన చానల్ పరాయిదైంది. అందులో ఇక ఏం చూపించాలన్నది వాళ్ల చేతిలో లేదు. మరోరకంగా చూస్తే, ఓ దేశానికి టీవీ పరిచయం చేసి పక్కకు తప్పుకున్నారు. సాంకేతికపనిలో ఉన్న విశ్వాసికి బహుశా అన్నిటికన్నా కష్టమైన పరీక్ష ఇదే. నువ్వు వేసిన తీగలో నీకు నచ్చిన మాటే ప్రవహిస్తుందన్న హామీ లేదు. అయినా తీగ మాత్రం సరిగ్గా వేయాలి.

మూర్ దారి వేరు. అతను అమెరికా తిరిగెళ్లి 1947లో ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌లో ఓ కంపెనీ పెట్టాడు. మిషనరీ కేంద్రాల్లాంటి చోట్ల మొరాయించకుండా పనిచేసే టేప్ రికార్డర్లు తయారు చేయడంతో మొదలైన ఆ కంపెనీయే తర్వాత ‘క్రౌన్’గా పేరు తెచ్చుకుంది. 1967లో వచ్చిన క్రౌన్ డీసీ 300 యాంప్లిఫయర్ గురించి సౌండ్ ఇంజినీర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గుడిలో వాడినా, రాక్ కచేరీలో వాడినా యాంప్లిఫయర్ ఒకేలా పనిచేయాలి కదా! మూర్ 1979లో కన్నుమూశాడు.

రుద్దితే ఏమవుతుంది?

నమ్మకాన్నీ ప్రసారాల్నీ కలిపినవాళ్లందరూ ఇలాగే ఉన్నారనుకోవద్దు. బీబీసీని తీర్చిదిద్దిన జాన్ రీత్ సంగతి చూడండి. స్కాట్లాండులో చర్చి పాస్టరు కొడుకు. రైలింజన్ల కర్మాగారంలో పని నేర్చుకున్న ఇంజినీరు. 1922లో బీబీసీలో చేరి, 1938దాకా దాన్ని నడిపాడు. భక్తి మెండు. ఆ భక్తితోనే ఆదివారం ప్రసారాలకు ఆంక్షలు పెట్టాడు. చర్చి వేళల్లో రేడియో మోగకూడదు. మిగతా సమయంలో ప్రార్థనలు, గంభీరమైన సంగీతం. సరదాలు వద్దు. ఫలితం? ఆదివారం వచ్చిందంటే జనం హాయిగా ముల్లు తిప్పి రేడియో లక్సెంబర్గ్, రేడియో నార్మండీ పెట్టుకునేవారు!

బీబీసీ తొలి చీఫ్ ఇంజినీరు పీటర్ ఎకర్‌స్లీ. దేశమంతా ప్రసారాలు అందేలా ప్రణాళిక వేసిన దిట్ట. విడాకుల వ్యవహారంవల్ల 1929లో ఆయన ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. రీత్ నైతిక నియమాల ముందు ఆ ప్రతిభ నిలవలేదు.

మరో విచిత్రం. టీవీని తొలిసారి చేసి చూపిన జాన్ లోగీ బెయిర్డ్ కూడా స్కాట్లాండు పాస్టరు కొడుకే. రీత్, బెయిర్డ్ ఇద్దరూ గ్లాస్గోలో ఒకే సాంకేతిక కళాశాలలో చదివారు. 1926 జనవరి 26న లండన్లో బెయిర్డ్ తన యంత్రాన్ని శాస్త్రవేత్తలకు చూపించాడు. కానీ తండ్రి విశ్వాసం అతనికి అబ్బలేదు. భక్తి నిండా ఉన్న రీత్‌కేమో టీవీ అంటే గిట్టేది కాదు. పాస్టర్ల ఇళ్లలో పుట్టినంత మాత్రాన విశ్వాసమూ టీవీ విద్యా ఒకేచోట కుదురుకోవాలని లేదన్నమాట.

రీత్‌కూ మూర్‌కూ తేడా ఒక్కటే. రీత్ తన నమ్మకాన్ని శ్రోతలకు నియమంగా పెట్టాడు. మూర్ తనకు తానే నియమంగా పెట్టుకున్నాడు.

ఆదివారం డ్యూటీ పడితే?

ఈ కథ మనకెందుకంటారా? టీవీ మన ఇళ్లలోకీ వచ్చింది. 1970లలో హైదరాబాద్‌కు దూరదర్శన్ వస్తే, 1995లో ఈటీవీ, జెమినీలాంటి ఉపగ్రహ చానళ్లు మొదలయ్యాయి. ఆ తర్వాత 24 గంటల వార్తలు. అంటే 24 గంటలూ కంట్రోల్ రూములో ఎవరో ఒకరు కూర్చోవాలి. వాళ్లలో ఆదివారం ఆరాధనకు వెళ్లే అలవాటున్నవాళ్లూ ఉంటారు. షిఫ్టుల పట్టికకు ఆదివారమూ సోమవారమూ ఒకటే. ఇంట్లో అమ్మ అడుగుతుంది, ‘ఈ వారం కూడా గుడికి రావా నాన్నా?’ అని. ఏం చెప్పాలి?

2014 అక్టోబరు 12 గుర్తుందా? హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసిన రోజు. అది ఆదివారమే. ఆ రోజు ఇంజినీర్లంతా మాకు విశ్రాంతి దినమని ఇంట్లో కూర్చుంటే, గాలి ఎటు మళ్లిందో, ఎవరు ఎక్కడికి వెళ్లాలో జనానికి చెప్పేదెవరు? విశ్రాంతి దినాన బావిలో పడ్డ ఎద్దును పైకి తీయరా అని ఏసు అడిగిన సంగతి సువార్తలో ఉంది. తుపాను రోజున తెగిపోయిన లైవు లింకూ అలాంటి ఎద్దే!

అలాగని ప్రతి ఆదివారం డ్యూటీ ఎద్దు కాదు. ఏది అత్యవసరమో, ఏది ఓవర్‌టైమ్ ఆశో తేల్చుకోవాల్సింది ఎవరికి వారే. క్రిస్మస్ రోజు తన డ్యూటీ తీసుకున్న తోటి ఉద్యోగికి రంజాన్‌కో, సంక్రాంతికో తను నిలబడితే సగం చిక్కు తీరిపోతుంది.

రెండో చిక్కు ఇంకా గట్టిది. మనసుకు నచ్చని కార్యక్రమం ప్రసారమవుతుంటే మీట నొక్కే చేతికి బాధ్యత లేదా? ఉంది, లేదు అని ఒక్క మాటలో తేలేది కాదు. అబద్ధాన్ని నిజమని నమ్మించేలా దృశ్యాన్ని కత్తిరించమంటే కాదనాల్సింది ఆ ఎడిటరే. అక్కడ పై అధికారి చెప్పాడన్న సాకు చెల్లదు. అదే తనకు నచ్చని పాటో, వేరే మతంవాళ్ల పండగ ప్రసారమో అయితే? దాని శబ్దం కూడా అంతే స్పష్టంగా, బొమ్మ అంతే నిలకడగా వెళ్లేలా చూడాలి. చూసేవాడు ఎవరైనా చూసేవాడే.

బెసలేలు వారసులు

బైబిల్లో నిర్గమకాండంలో బెసలేలు అనే ఓ పనివాడు కనిపిస్తాడు. ప్రత్యక్ష గుడారం తయారుచేసే బాధ్యత అతనిది. దేవుడు తన ఆత్మతో అతణ్ని నింపాడని ఉంటుంది. ఎందుకు? ప్రవచనం చెప్పడానికి కాదు. బంగారం, వెండి, ఇత్తడి పనీ, రాళ్లు పొదగడమూ, చెక్క చెక్కడమూ చేయడానికి! అపొస్తలుడు పౌలు సైతం డేరాలు కుట్టి పొట్టపోసుకున్నవాడే. కుట్టు సరిగ్గా పడకపోతే, కుట్టినవాడు ఎంత భక్తుడైనా డేరా కారక మానదు.

టవరు ఎక్కే మనిషికీ అంతే. నట్టు వదులుగా బిగించి, ఎంత ప్రార్థన చేసినా అది వదులుగానే ఉంటుంది. భక్తి ఉంది కాబట్టి పని కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదనుకునేవాళ్లు అన్ని మతాల్లోనూ ఉంటారు. భక్తి ఉంది కాబట్టే అటూ ఇటూ కాకూడదనుకున్నవాడు మూర్. కరిగి పడుతున్న అల్యూమినియాన్ని అతను సైతాను చేష్ట అనలేదు, దేవుడి పరీక్ష అని సరిపెట్టుకోలేదు. వోల్టేజీ అన్నాడు. పుస్తకం తెరిచాడు.

క్విటో పక్కన పీఫోలో అడవిలా నిలబడ్డ హెచ్‌సీజేబీ షార్ట్‌వేవ్ యాంటెన్నాలు ఇప్పుడు లేవు. దగ్గర్లోనే కొత్త విమానాశ్రయం కడుతుండటంతో వాటిని తీసేయాల్సి వచ్చింది. 2009లో అక్కడి ప్రసారాలు ఆగిపోయాయి. 2013లో విమానాలు దిగడం మొదలైంది. టీవీ చానల్ ఏనాడో చేతులు మారింది. టవర్లు ఇనుపసామానులో కలిశాయి.

మిగిలింది ఆ నలుచదరపు తీగ. ఏ దేశంలోనో, ఏ ఇంటి డాబామీదో ఓ కుర్రాడు కర్రలు కట్టి, తీగ చుట్టి, దూరదేశంనుంచి వచ్చే సన్నని గొంతుకోసం చెవి రిక్కిస్తుంటాడు. అతనిది ఏ మతమో తీగ అడగదు. గొంతు వినిపిస్తుంది, అంతే!